మంత్రి గారూ, లెక్కించే ముందు ఏం కొలుస్తున్నామో తేల్చండి

రాష్ట్ర ప్రణాళికా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను అమలాపురంలో డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెబుతాను. ఇంటింటి సర్వేల్లో అడిగే ప్రశ్నల గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. సర్వేలు వద్దని నేను అనడం లేదు. పింఛన్లు, పంట పరిహారం, పథకాలు అన్నీ వాటి మీదే నడుస్తున్నాయి కాబట్టి అవి సరిగ్గా జరగాలని నా తాపత్రయం.

మనిషికీ మనిషికీ, ఇంటికీ ఇంటికీ మారే లక్షణాన్ని మేం చరం అంటాం. వయసు, చదువు, వృత్తి, ఆదాయం అన్నీ చరాలే. కాలువ నీరు అందడం వల్ల ఆదాయం పెరిగిందా అని చూస్తే కారణమైన నీరు స్వతంత్ర చరం, దాన్నిబట్టి మారే ఆదాయం పరతంత్ర చరం. ఇంతవరకు మీ అధికారులకు తెలిసిందే. చిక్కంతా ఆ చరాన్ని ఫోన్లో నొక్కే గడిగా మార్చే దగ్గరే వస్తుంది.

సార్వా (ఖరీఫ్) నాట్ల రోజుల్లో మా వీధిలోకి సర్వే అమ్మాయి వచ్చింది. ఒకింట్లో "మీ ఆవిడ ఏం పని చేస్తారండీ?" అని అడిగితే, "ఇంట్లోనే ఉంటుందండీ" అన్నాడు ఇంటాయన. అమ్మాయి 'గృహిణి' అని నొక్కేసింది. ఆ వేళకి ఆవిడ మోకాళ్ల దాకా బురదతో చేలోంచి వచ్చి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. పొద్దున్నే గేదె పాలు పితికి, కేంద్రంలో పోసి నాట్లకు వెళ్లింది. నాట్లు అయ్యాక కొబ్బరి పీచు పనికి పోతుంది. ఇందులో సర్వే అమ్మాయి తప్పేమీ లేదు. ఆ ఫోన్లో ఒక్క జవాబుకే చోటుంది, ఇంకా ఎన్నో ఇళ్లు తిరగాలనే టెన్షన్ ఆమెది.

జనగణనలో ఈ ఇబ్బంది కొంతైనా ఆలోచించారు. ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన పనిచేసినవాళ్లు ప్రధాన కార్మికులు, అంతకు తక్కువైతే ఉపాంత కార్మికులు. ఆ గీత అక్కడే గీయాలా అన్నది వేరే చర్చ. ఎక్కడ గీశారో మాత్రం రాసిపెట్టారు. అలా రాసిపెట్టకపోతే అంకెకు అర్థం ఉండదు. జాతీయ నమూనా సర్వేలే చూడండి. 2003లో రైతు కుటుంబం అనిపించుకోవాలంటే చేతిలో కొంత భూమి ఉండాలన్నారు. 2013లో ఆ షరతు తీసేసి, ఏడాదికి సాగు, పాడి ఉత్పత్తి విలువ 3,000 రూపాయలు దాటాలన్నారు. 2019లో దాన్ని 4,000 చేశారు. చేను కదలకుండానే, మడి మారకుండానే ఒక ఇల్లు రైతుల లెక్కలోంచి బయటికి పోవచ్చు, లోపలికి రావచ్చు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది కౌలు రైతుల లెక్క. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో కౌలు రైతుకు సాగు హక్కు కార్డు రావాలంటే యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. హైదరాబాద్‌లో ఉండే యజమాని, రేపు పొలం మీద హక్కు అడుగుతారేమోనన్న భయంతో సంతకం పెట్టడు. కౌలు మాత్రం బస్తాల లెక్కన ఠంచనుగా అందుతుంది. అలాంటప్పుడు కార్డులు లెక్కపెట్టి, కౌలు రైతులు ఇంతమందే అని ఎలా అంటాం? మనం కొలిచింది సంతకానికి ఒప్పుకున్న యజమానుల్ని. కార్డుల్ని ఎన్నిసార్లు లెక్కపెట్టినా అదే అంకె వస్తుంది, అది విశ్వసనీయత. కొలవాలనుకున్నదాన్నే కొలిచామా అన్నది సప్రమాణత. మొదటిది ఉండి రెండోది లేని లెక్క మరీ ప్రమాదం, ఎందుకంటే అందరూ దాన్ని నమ్ముతారు.

పథకాల మీద 'సంతృప్తి' లెక్కల గురించీ ఒక మాట. 1946లో స్టీవెన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కొలమానాలు నాలుగు రకాలన్నాడు: పేరు మాత్రమే చెప్పేవి, వరుస చెప్పేవి, సమాన అంతరాలున్నవి, నిజమైన సున్నా ఉన్నవి. రెండో రకం ఎలా ఉంటుందో ధవళేశ్వరం దగ్గర ఇచ్చే గోదావరి వరద హెచ్చరికలు చూస్తే తెలుస్తుంది. మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య రెండడుగులు, తర్వాతది నాలుగడుగులు. ఒకటి, రెండు, మూడు అనేవి వరుస మాత్రమే. రెండో హెచ్చరిక మొదటిదానికి రెట్టింపు అని లంక గ్రామాల్లో ఎవరూ అనుకోరు. సంతృప్తికి ఒకటి నుంచి ఐదు మార్కులు అడిగి, సగటు తీసి, దశాంశాల తేడాతో మండలాలకు ర్యాంకులిస్తే మనం చేసేది సరిగ్గా అదే పొరపాటు. ఎంతమంది ఏ మార్కు ఇచ్చారో విడివిడిగా చెబితే చాలు.

మీరు చేయగలిగినవే అడుగుతున్నాను. ప్రతి ప్రశ్నకు నిర్వచనం తెలుగులో రాసి ఊళ్లోని సచివాలయం గోడ మీద అంటించండి. సర్వే మొదలయ్యే ముందు కొన్ని ఊళ్లలో, లంకల్లోనూ మెరకలోనూ, ఇద్దరు వేర్వేరు సిబ్బందితో అవే ఇళ్లలో అడిగించి జవాబులు కలుస్తున్నాయో లేదో చూడండి. ఆడవాళ్ల పని గురించి ఆడవాళ్లనే, సీజన్ వారీగా అడగమనండి. కౌలు లెక్క కోసం కార్డు ఉందా అని కాకుండా, పోయిన సార్వాలో, దాళ్వాలో (రబీలో) ఎవరి పొలం చేశారు, ఎన్ని బస్తాలు కొలిచారు అని అడిగించండి. యజమాని పేరు బయటికి రాదని ముందే మాట ఇవ్వాలి, లేకపోతే ఎవరూ నిజం చెప్పరు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేసరికి కౌలు మాటలు అయిపోతాయి కాబట్టి, ఈ ప్రశ్నలు అంతకుముందే సిద్ధం కావాలి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక సోషియాలజీ లెక్చరర్