ఒక్క చెవి చాలదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2019 ఏప్రిల్ 1 ఉదయం మా అమ్మాయితో కలిసి శ్రీహరికోట సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. మామూలు జనాన్ని అక్కణ్నుంచి ప్రయోగం చూడనివ్వడం అదే మొదలు. 9 గంటల 27 నిమిషాలకు పీఎస్ఎల్‌వీ-సీ45 రాకెట్ లేచింది. మంట కనబడింది గానీ చప్పుడు లేదు. కొన్ని సెకన్లయ్యాక ఆ మోత వచ్చి గుండెల మీద కొట్టినట్టయింది. అందులో 28 విదేశీ ఉపగ్రహాలతో పాటు మన 436 కిలోల ఎమిశాట్ వెళ్లింది. అది దేనికంటే, విద్యుదయస్కాంత వర్ణపటాన్ని కొలవడానికి అని ఇస్రో ఒక్క ముక్కలో చెప్పింది. "అంటే ఫొటోలు తీస్తుందా నాన్నా?" అని మా అమ్మాయి అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

తర్వాత చదివి తెలుసుకున్నాను. అది చూసేది కాదు, వినేది. విమానాలను పసిగట్టే రాడార్లు వదిలే తరంగాలను పట్టుకుంటుంది. ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత వ్యవధికోసారి పల్స్ (తరంగాల చిన్న విడత) వదులుతోందో గమనిస్తే అది ఏ రకం రాడారో పోల్చుకోవచ్చు. గుమ్మం బయట చెప్పుల చప్పుడు విని వచ్చిందెవరో చెప్పేస్తాం కదా, అలాగన్నమాట. మబ్బులూ చీకటీ దానికి అడ్డు కావు. సరిహద్దు అవతల ఏ రాడార్ ఎక్కడుందో ముందే తెలిస్తే, మన పైలట్‌కు ఏ దారిన వెళ్లకూడదో తెలుస్తుంది. ఆ వినే పరికరం హైదరాబాద్‌లో ఉన్న, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాల డీఎల్ఆర్ఎల్‌లో తయారైందని, ప్రాజెక్టు పేరు కౌటిల్య అని పత్రికల్లో చదివినప్పుడు ఎంతో గర్వంగా అనిపించింది. ఆ శాస్త్రవేత్తల గురించి మన తెలుగు పత్రికలు ఇంకా రాయాలి.

నా బాధల్లా ఒకటే. 748 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహం దాదాపు 100 నిమిషాలకు భూమిని ఒక చుట్టు చుడుతుంది. ఒక చోటు మీదుగా వెళ్లినా, అక్కడ వినగలిగేది కొద్ది నిమిషాలే. దాని కక్ష్య దాచిపెట్టగలిగేది కూడా కాదు. అది వచ్చే వేళ తెలిసినవాడు ఆ కాసేపు రాడార్ కట్టేసి కూర్చుంటే మనకు వినబడేదేముంది? ఫ్రాన్స్ 2021 నవంబరులో సెరెస్ పేరుతో ఇలా వినే ఉపగ్రహాలను ఒకేసారి మూడింటిని పంపింది. అవి గుంపుగా తిరుగుతాయి. ఒకే తరంగం ఒక్కోదానికి చేరిన సమయంలోని తేడాను బట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందో లెక్కగట్టవచ్చు.

2024 అక్టోబరులో కేంద్రం 52 నిఘా ఉపగ్రహాల పథకానికి ఆమోదం తెలిపింది. సంతోషం. అయితే వాటిలో ఫొటోలు తీసేవెన్ని, ఎమిశాట్‌లా వినేవెన్ని? రహస్యాలేవీ అడగడం లేదు. ఏ రాడార్‌ను వింటున్నారో, ఏం దొరికిందో మాకు అక్కర్లేదు. వినేవాటిని కూడా గుంపుగా పంపే ఆలోచన ఉందో లేదో, ఉంటే ఎప్పటికో చెప్తే చాలు. మన రెండు రాష్ట్రాల ఎంపీలు ఈ మాట పార్లమెంటులో అడగాలి. రక్షణ శాఖ స్థాయీ సంఘమైనా ఈ విషయాన్ని పట్టించుకోవాలి. వాళ్లు అడిగేదాకా మీ పత్రిక కూడా దీన్ని వదలకూడదని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు