కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది నివేదికలో ముప్పాతిక భాగం ఒక కల్వర్టు గురించే. ముగ్గుల పోటీ, కంటి పరీక్షల శిబిరం, పార్కు బెంచీలు అనుకున్నట్టే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు.

వాన పడితే మన మలుపులో మోకాలి లోతు నీరు నిలుస్తుందని మీకు చెప్పనక్కర్లేదు. రోడ్డు కింద కాలువ నీరు పోయే కల్వర్టు పూడిపోయింది. పురపాలక కార్యాలయానికి వెళితే రోడ్డు తమది కాదన్నారు. రోడ్డు చూసే శాఖకు వెళితే కాలువ తమది కాదన్నారు. సోమవారాల్లో అధికారులు ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణిలో రెండుసార్లు అర్జీ ఇచ్చాం. రెండుసార్లూ ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అని ఎండార్స్‌మెంట్ వచ్చింది. ఏ శాఖ సంబంధితమో తేలకనే కదా మనం అక్కడిదాకా వెళ్లింది!

జూన్‌లో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. ఈ కల్వర్టు ఏ రిజిస్టరులో ఉంది, చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు, ఆ పని కొలతలు రాసిన ఎం.బుక్ నకలు ఇస్తారా అని అడిగాం. (రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5, ఆపైన 10 రూపాయలు. సొంత పనులకు వాడుకోదలచినవారు గుర్తుంచుకోండి.) సమాచారం వేరేచోట ఉంటే 5 రోజుల్లో దరఖాస్తును అక్కడికి పంపాలని సెక్షన్ 6(3) అంటుంది. జవాబుకు గడువు 30 రోజులు. 40 రోజులైనా ఉలుకూ పలుకూ లేకపోయేసరికి పై అధికారికి మొదటి అప్పీలు వేశాం.

అప్పీలు విచారణకు పోట్లాడే ఉద్దేశంతోనే వెళ్లాం. తీరా చూస్తే, సమాచారం ఇవ్వాల్సిన అధికారి మూడు పోస్టులకు ఇన్‌చార్జి. మన దరఖాస్తు తన సెక్షన్‌కు ఎప్పుడు వచ్చిందో కూడా ఆయనకు తెలియదు. చిక్కుముడి విప్పింది వెనక బెంచీలో కూర్చున్న, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్. పట్టణ పరిధి పెరిగినప్పుడు కాలువను ఒక శాఖ మరో శాఖకు అప్పగించిందట. ఆ జాబితాలో కల్వర్టు రాయడం మరిచారట. అంటే అది ఇద్దరి రిజిస్టర్లలోనూ లేదు! ఆయన తెల్లకాగితం మీద పెన్సిలుతో పటం గీసి చూపించారు. మూడు నెలల ఉత్తరాల్లో దొరకని జవాబు పది నిమిషాల్లో దొరికింది. ఆయన వెళ్లిపోతే ఈ సంగతి తెలిసినవారు ఆ కార్యాలయంలో ఎవరూ మిగలరు.

ఆలస్యానికి జరిమానా వేయించాలని కొందరు సభ్యులు పట్టుబట్టారు. చట్టంలో రోజుకు 250, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా ఉన్నమాట నిజమే. వేయాల్సింది తెలంగాణ రాష్ట్ర సమాచార కమిషన్. 2023 ఫిబ్రవరి నుంచి అందులో కమిషనర్లే లేరు. ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాళీల సంగతి ఎత్తిచూపినా, నియామకాలు జరిగింది 2025 మేలో. అదీకాక మూడు కుర్చీల బరువు మోస్తున్న మనిషి జీతంలో కోత పెట్టిస్తే ఖాళీ కుర్చీలు నిండవని కార్యవర్గంలో ఎక్కువమంది అభిప్రాయం. కార్యదర్శిగా నాదీ అదే. ఉపాధ్యక్షుల అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేశాం.

అక్టోబరులో పూడిక తీశారు. ఎవరి ఖాతాలో తీశారో మేము అడగలేదు. కల్వర్టును తిరిగి కట్టే ఎస్టిమేటు ఇంజనీర్లు ఇవ్వాల్సిన సాంకేతిక మంజూరు దగ్గర ఆగి ఉంది. ఇన్‌వర్డ్ నంబరు నోటీసు బోర్డు మీద రాశాం. సోమవారాలు వంతులవారీగా వెళ్లి ఫైలు కదలిక కనుక్కునేందుకు ఇంకా నలుగురు కావాలి. సమావేశం ముగిశాక పేర్లు ఇవ్వగలరు.

— కార్యదర్శి