రాత్రి రొట్టె ఎందుకు ఆపామంటే

కర్నూలు సీ క్యాంపులో మన జొన్న రొట్టెల కొట్టుకు వచ్చే అన్నలకు, అక్కలకు నమస్కారం. వచ్చే సోమవారం నుంచి పొద్దున టిఫిన్ రొట్టె ఉండదు, రాత్రి పూట వేడి రొట్టె కూడా ఉండదు. మధ్యాహ్నం పన్నెండుకు పెనం ఎక్కించి సాయంత్రం ఐదుంపావుకు దించేస్తాం. రొట్టె ధర 15 నుంచి 18 రూపాయలు అవుతుంది. ఈ ముక్క బోర్డు మీద రాసి ఊరుకోవచ్చు. కానీ కొందరు అడగకుండానే తీర్పు చెప్పేశారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

రేటు పెరుగుతుందని నేను నోటిమాటగా అన్న మర్నాడే, ఫోన్‌లో మన కొట్టు ఫొటో కింద ఒకాయన ఇలా పెట్టాడు: "ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యింది. నీ దగ్గర పనిచేసేవాళ్లకు ఛార్జీలు మిగిలాయి. మరి నువ్వెందుకు రేటు పెంచుతున్నావు?" ఒక్క స్టార్ ఇచ్చి మరీ అడిగాడు. ఆయన మన కొట్లో ఎర్రకారం రెండోసారి వేయించుకుని తినే మనిషే. అదే ఎక్కువ బాధ.

సంగతి ఇది. మన దగ్గర రొట్టెలు తట్టే ముగ్గురు అక్కలదీ కోడుమూరు రోడ్డు మీద క్రాస్ నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే పల్లె. ఆ ఊరికి నైట్ హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి ఎనిమిదిన్నరకు కొత్త బస్టాండులో బయలుదేరి, ఊళ్లో రచ్చకట్ట దగ్గర ఆగిపోయి, తెల్లారి ఐదున్నరకు తిరిగి కర్నూలుకు వచ్చేది. డ్రైవరు, కండక్టరు బడి వరండాలో పడుకునేవాళ్లు. మన పొద్దున రొట్టె, రాత్రి రొట్టె రెండూ ఆ ఒక్క బస్సు పుణ్యమే. ఇప్పుడు అది తీసేశారు. డిపోకు వెళ్లి అడిగితే ఆ రూటులో ఆదాయం లేదు, ఉన్న బస్సులు మెయిన్ రూట్లకే చాలడం లేదు అన్నారు. ఊరివాళ్లు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు, తీసుకుని పక్కన పెట్టుకున్నారు.

ఇక మిగిలింది పొద్దున తొమ్మిదిన్నరకు ఒక పల్లెవెలుగు, సాయంత్రం ఆరుకు ఇంకొకటి. అవి కూడా ఊళ్లోకి పోవు. క్రాస్ దగ్గర దింపేసి ముందుకు వెళ్లిపోతాయి. ఎక్స్‌ప్రెస్‌లు చాలా ఉన్నాయి కానీ, అవి క్రాస్ దగ్గర ఆగవు.

ఫ్రీ బస్సు మీద నాకు ఏ కోపమూ లేదు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైనప్పుడు మన పెద్దక్క ఆధార్ కార్డు చూపించి తీసుకున్న మొదటి జీరో టికెట్‌ను తెచ్చి కొట్లో గల్లాపెట్టె పైన గోడకు అంటించింది. ఇంకా అక్కడే ఉంది, నూనె మరకలతో. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ అన్నింట్లో ఫ్రీనే. కానీ అన్నా, టికెట్టు ఫ్రీ అయితే సరిపోతుందా? ఎక్కడానికి బస్సుండాలి కదా! క్రాస్ నుంచి ఊరికి షేర్ ఆటో మనిషికి 20 రూపాయలు. ముగ్గురికి పోను రాను 120. వాళ్ల కూలిలోంచి అది పోకూడదని నేనే ఇస్తున్నా. పని గంటలు తగ్గినా కూలి తగ్గించలేదు. పెంచిన మూడు రూపాయలు పోయేది అక్కడికే.

ఇంకొకటి పిండి. ఊరి నుంచి పిండి తెచ్చే మామ మగవాడు, ఆయనకు టికెట్ ఉంటుంది. పల్లెవెలుగులో లెక్క కిలోమీటరుకు కాదు, స్టేజీకి, అంటే ఛార్జీ మారే స్టాపుకి. స్టేజీ దాటి ఒక్క అడుగు దూరంలో దిగినా తర్వాతి స్టేజీ దాకా డబ్బు కట్టాల్సిందే. ముందు బస్సు ఊళ్లోకి వచ్చేది, ఊరే స్టేజీ. ఇప్పుడు బస్సు ఊరికి రాదు కాబట్టి ఆ స్టేజీ లేదు, క్రాస్‌కు వేరే స్టేజీ పెట్టలేదు. దాంతో కర్నూలుకు వచ్చేటప్పుడు వెనకటి స్టేజీ నుంచి, పోయేటప్పుడు ముందు స్టేజీ దాకా టికెట్. అంటే తాను ప్రయాణం చేయని దూరానికి కూడా మామ డబ్బు కడుతున్నాడు. పిండి మూటకు లగేజీ టికెట్ వేరే. 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్ పేరుతో పల్లెవెలుగు టికెట్ మీద 2 రూపాయలు పెరిగినప్పుడు మన రొట్టె రేటు కదల్లేదని పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

పిండి కర్నూల్లోనే కొనుక్కోవచ్చు కదా అంటారు. కొనచ్చు. అయితే జొన్నలో గోధుమలా సాగే గుణం ఉండదు, అందుకే వేడినీళ్లు పోసి పిసుకుతాం. మర పట్టించి రోజులు గడిచేకొద్దీ పిండిలో జిగురు చచ్చిపోతుంది. తడుతుంటేనే అంచులు చీలతాయి, పెనం మీద వేస్తే నడిమికి విరుగుతుంది, కొంచెం చేదు కూడా. దుకాణంలో ఉన్న బస్తా ఎప్పుడు పట్టించిందో ఎవడికి తెలుసు?

ఆటో మాట్లాడలేదా అని కూడా అడిగారు. మాట్లాడాను. రాత్రి తొమ్మిదిన్నరకు ముగ్గురినీ ఊళ్లో దింపేలా నెలకు బేరం కుదిరింది. 6000 అడ్వాన్స్ తీసుకున్నాడు. మొదట్లో బాగానే వచ్చాడు. తర్వాత పెళ్లి బాడుగ దొరికిందని ఒక రోజు, టైరు పంచర్ అని ఒక రోజు. ఆఖరికి ఒక రాత్రి ఫోన్ స్విచాఫ్. అక్కలు సద్దిగిన్నెలు ఒళ్లో పెట్టుకుని కొట్టు ముందర బెంచీ మీద కూర్చున్నారు. లోపల నేను ఫోన్ మీద ఫోన్ కొడుతున్నా, ఇళ్ల నుంచి వాళ్లకు ఫోన్లు వస్తున్నాయి. చిన్నక్క కూతురు ఏడుస్తోంది, అది స్పీకర్లో అందరికీ వినిపిస్తోంది. పక్క ఐరన్ షాపాయన వ్యాను తీసి దింపి వచ్చేసరికి పదకొండు దాటింది. ఆటో ఆయన మూడో రోజు కనిపించి, "చిన్న విషయానికి ఇంత గొడవా" అన్నాడు. అడ్వాన్స్ ఇంకా తిరిగి రాలేదు. వస్తుందన్న ఆశా లేదు. కానీ అడగడం మానను.

మరి మిషన్ రొట్టె? దీని గురించే నాకు నిద్ర పట్టలేదు. టౌన్లో ఒకరు మిషన్ మీద చేసిన జొన్న రొట్టెలు ప్యాకెట్లలో హోటళ్లకు వేస్తారు. మనకు రొట్టె 9 రూపాయలకే ఇస్తామన్నారు. గుండ్రంగా, అన్నీ ఒకే మందంలో, చూడ్డానికి మన రొట్టె కన్నా అందం. రాత్రికి వేడి చేసి పెడితే చాలు, మనిషి అక్కర్లేదు, బస్సు అక్కర్లేదు, టెన్షన్ లేదు. మా ఆవిడ లెక్క వేసి చూపించింది, లాభం ఇప్పటికన్నా ఎక్కువే. "రాత్రి వచ్చేవాళ్లలో సగం మందికి తేడా తెలీదు" అంది. అది నిజమే కావచ్చు. ఇంట్లో తిని చూశాం. వేడిగా ఉన్నంతసేపు పర్వాలేదు. చల్లారాక తుంచితే పొర విడలేదు, అట్ట విరిగినట్టు విరిగింది.

నన్ను లాగింది లాభం కాదు. పెద్దాసుపత్రిలో మంచం పక్కన కాపలా ఉండేవాళ్లు రాత్రి పూట వస్తారు. షుగర్ ఉన్న మనిషికి రెండు రొట్టెలు, మెంతికూర పప్పు కట్టించుకుపోతారు. వాళ్లకు లేదని చెప్పాలంటే నోరు రాలేదు. తీసుకుందామనే అనుకున్నా, ఆర్డర్ ఇవ్వడానికి ఫోన్ కూడా చేశా. అటువైపు ఆయన, "మీ కొట్టు పేరు ఎలాగూ ఉంది కదన్నా, ఎవడు అడుగుతాడు" అన్నాడు. ఫోన్ పెట్టేశా. మొండితనం అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. రాత్రికి టౌన్లో వేరే మనుషుల్ని పెట్టుకోమన్న సలహా కూడా వద్దు. తోపుడు బండి మీద ఉన్నప్పటి నుంచి నాతో ఉన్నవాళ్లు ఆ ముగ్గురు. బస్సు రాదని వాళ్ల పెనం ఇంకొకరికి ఇవ్వను.

కాబట్టి రాత్రి ఏడు నుంచి పది దాకా రాగి సంగటి ఉంటుంది. నేనూ మా ఆవిడా కెలుకుతాం. దాంతో పప్పు, వంకాయ కూర, మజ్జిగ. మధ్యాహ్నమే కాల్చి ఆరబెట్టిన ఎండు రొట్టెలు కూడా పెడతాం, బుడ్డల పొడితో, అంటే వేరుశనగ పొడితో. ఆదోని వైపువాళ్లకు, బళ్లారి, రాయచూరు నుంచి వచ్చేవాళ్లకు ఇవి కొత్త కాదు. మిగతావాళ్లు ఒకసారి తిని చూడండి, నచ్చకపోతే మొహం మీదే చెప్పండి.

వేడి రొట్టె పార్సిల్ కావాలంటే మూడు గంటల్లోపు ఫోన్ చేసి, ఐదున్నర లోపల తీసుకుపోండి. ఆ తర్వాత వస్తే అక్కల్ని ఆపను, ఆరు గంటల బస్సు తప్పితే వాళ్లకు ఇంకో బస్సు లేదు. పద్దెనిమిదికి చిల్లర ఇబ్బంది, ఫోన్‌పే కొట్టేయండి. రౌండ్‌గా ఇరవై చేయమని ఇద్దరు ముగ్గురు అన్నారు, చేయను.

నెలవారీ కార్డు మీద రాత్రి రొట్టెకు ముందే డబ్బు కట్టినవాళ్లు కార్డు తెచ్చి మిగిలింది వాపసు తీసుకోండి, లేదంటే సంగటికి మార్చుకోండి. నాకు ఒక్క స్టార్ ఇచ్చిన ఆయనకూ కార్డుంది, ఆయనకు నేను ఇవ్వాల్సిన లెక్క తీసి పెట్టాను.