ఛార్జర్ పేలిందని చెప్పాం

సంపాదకులకు,

మా అక్క మనవడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవులకు గుంటూరు వస్తే మా ఇంట్లోనే ఉంటాడు. మొన్న వేసవిలో ఒకరోజు నా దగ్గరకొచ్చి, "తాతయ్యా, మీ మల్టీమీటర్ ఒకసారి ఇస్తారా?" అని అడిగాడు. నేను ముప్ఫై ఏళ్లు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పాఠాలు చెప్పినవాణ్ని. ఇంట్లో పిల్లవాడు కరెంటు సంగతులు కొలిచే ఆ మీటర్ అడిగేసరికి ఎంత సంతోషం వేసిందో! సోల్డరింగ్ ఐరన్ కూడా చేతికిచ్చి పంపాను.

నాలుగు రోజులకు మేడ మీద గదిలో టపాకాయ పేలినట్టు చప్పుడైంది. పరుగెత్తి వెళ్లేసరికి పరుపు అంటుకుని ఉంది. వాడు కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని మూలన కూర్చుని వణుకుతున్నాడు. బల్ల మీద దూది, ట్వీజర్, పాత హీటర్ కాయిల్ నుంచి కత్తిరించిన తీగ, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన లిథియం సెల్, లేబుల్ లేని చిన్న సీసా ఉన్నాయి. వాడు తన వేప్‌కు, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్‌కు, ఆటమైజర్ తిరగకడుతున్నాడని అప్పుడు తెలిసింది.

ఆటమైజర్ అంటే ఆ పరికరంలో ద్రవాన్ని ఆవిరి చేసే భాగం. ఒక చిన్న తీగచుట్ట (కాయిల్), దాని మధ్యలో దూది. దీపం వత్తి నూనె పీల్చినట్టు దూది ద్రవాన్ని పీలుస్తుంది, తీగ వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తుంది. కొన్నాళ్లకు తీగ మాడుతుంది, దూది నల్లబడుతుంది. కొత్తది బజార్లో బాహాటంగా దొరకదు. 2019 సెప్టెంబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో అదే చట్టమైంది. ఈ వస్తువు తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధమే. మొదటిసారి అమ్మి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నేను ఆ నిషేధానికి వ్యతిరేకిని కాను. కానీ కొట్లో దొరకనిదాన్ని మావాడూ, వాడి స్నేహితులూ గదిలో తలుపేసుకుని చుట్టుకుంటున్నారు. అక్కడితో ఆగకుండా, పొగ ఎక్కువ రావాలని కాయిల్ ఓమ్స్, అంటే కరెంటుకు అది అడ్డుపడే కొలత (రెసిస్టెన్సు), తగ్గిస్తున్నారు.

ఇక్కడే నా భయం. ఈ లెక్క పదో తరగతి పిల్లలకూ వచ్చు. లిథియం సెల్ నిండా ఛార్జయితే 4.2 వోల్టులు. వోల్టులను ఓమ్స్‌తో భాగిస్తే కరెంటు వస్తుంది, కాయిల్ 0.2 ఓమ్ ఉంటే 21 ఆంపియర్లు పారుతుంది. మన ఇళ్లల్లో గీజర్‌కు పెట్టే పెద్ద ప్లగ్ 16 ఆంపియర్లది. నాలుగు వోల్టులు షాక్ కొట్టవు, అందుకే పిల్లలకు భయం లేదు. వేడి పుట్టించేది మాత్రం కరెంటు. 4.2 వోల్టులను 21తో గుణిస్తే 88 వాట్లు. నేను వాడికిచ్చిన సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. మూడు ఐరన్లకు మించిన వేడి వేలిగోరంత తీగలో, పెదవులకు రెండంగుళాల దూరంలో పుడుతుందన్నమాట.

మరి ఆ 0.2 అనేది నిజంగా 0.2 యేనా? మల్టీమీటర్‌ను 200 ఓమ్స్ రేంజిలో పెట్టి దాని రెండు లీడ్లూ, అంటే కొలిచే తీగలు, ఒకదానికొకటి ఆనించండి. సున్నా రావాలి, రాదు. 0.2, 0.3 అలా చూపిస్తుంది. అది లీడ్ల సొంత రెసిస్టెన్సు. మావాడు దాన్ని తీసేయకుండా కాయిల్‌ను కొలిచాడు. మీటర్ 0.3 చూపిస్తే అసలు కాయిల్ 0.1 కావచ్చు. అప్పుడు కరెంటు 42 ఆంపియర్లు. ల్యాప్‌టాప్ సెల్ సాధారణంగా నాలుగైదు ఆంపియర్లు ఇవ్వడానికి తయారైనది. ప్యాక్‌లో ఉన్నంతకాలం దానికి రక్షణ సర్క్యూట్ ఉంటుంది. విప్పి తీసినప్పుడే ఆ రక్షణ పోయింది. సెల్ లోపల వేడి ఒక హద్దు దాటితే ఆ వేడే మరింత వేడిని పుట్టిస్తుంది. తర్వాత స్విచ్ ఆపినా ఆగదు. మీటర్ ఇచ్చినవాణ్ని నేనే. లీడ్ల సంగతి చెప్పి ఇవ్వలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

పేలకపోయినా మేలేం లేదు. హీటర్ కాయిల్ తీగలో చాలావరకు నికెల్, క్రోమియం ఉంటాయి. సీసం కలిసిన మామూలు టంకం 190 డిగ్రీల లోపే కరుగుతుంది, దాన్ని కాయిల్ పక్కన పెడితే ఏమవుతుంది? దూది ఎండి మాడితే ద్రవం విరిగి ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి. ఇవన్నీ ఊపిరితిత్తుల్లోకే.

ఇక అసలు సంగతి. ఆస్పత్రిలో మేం ఫోన్ ఛార్జర్ పేలిందని చెప్పాం. పోలీసు కేసవుతుందేమో, పిల్లవాడి చదువు పోతుందేమో అన్న టెన్షన్‌లో ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద నిలబడ్డాం. సెల్ లోపలి రసాయనం చర్మం మీద పడితే దాన్ని రసాయన గాయంగా కూడా చూడాలి, కడగడం దగ్గర్నుంచీ తేడా ఉంటుంది. మా అబద్ధం వల్ల డాక్టరుకు ఆ సంగతి మర్నాటి దాకా తెలియలేదు. కాగితం మీద మాత్రం ఇప్పటికీ ఛార్జరే ఉంది. మాలాగే ఇంకెన్ని ఇళ్లల్లో ఛార్జర్లు పేలాయో!

మావాడు నన్నొక ప్రశ్న అడిగాడు. "పొగాకు బోర్డు ఉన్న ఊరు మనది. సిగరెట్ ప్రతి కిళ్లీకొట్లోనూ దొరుకుతుంది. ఇదొక్కటే ఎందుకు తప్పు?" 1976 నుంచీ ఉన్న ఆ బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే. వాడి ప్రశ్నలో న్యాయం లేదని నేననను. కానీ ఒకటి గమనించాను. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మా, మానాలనుకుంటే ఫోన్ చేయమని 1800-11-2356 నంబరూ ఉంటాయి. మావాడి సీసా మీద ఏమీ లేదు. అందులో నికోటిన్ ఎంతో వాడికే తెలియదు. మానడానికి సాయం ఎక్కడ దొరుకుతుందో కూడా వాడికి ఎవరూ చెప్పలేదు.

అందుకే అధికారులను అడుగుతున్నాను. కాలిన గాయంతో వచ్చిన పిల్లవాడు నిజం చెబితే వాడిమీద కేసు పెట్టబోమని ఆరోగ్యశాఖ, పోలీసుశాఖ కలిసి తెలుగులో స్పష్టంగా ప్రకటించాలి. ఆ నంబరు ప్రతి ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ గోడ మీదా ఉండాలి. "వేప్ హానికరం" అన్న పోస్టర్ ఒక్కటీ చాలదు, ఈ పిల్లలు తీగలూ ఓమ్సూ తెలిసినవాళ్లు. వాళ్లకు ల్యాబ్‌లోనే, వాళ్ల లెక్కల్లోనే చెప్పాలి. విజయవాడ, గుంటూరుల్లో ఏ కాలేజీ పిలిచినా నేను వస్తాను. మీటర్ నేనే తెచ్చుకుంటాను, ఒక గంట ఇస్తే చాలు.

— ఒక విశ్రాంత ఐటీఐ బోధకుడు, బ్రాడీపేట, గుంటూరు