రాకెట్ వేరు, జెట్ ఇంజిన్ వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

మన తేజస్ యుద్ధ విమానానికి అమెరికా నుంచి రావాల్సిన ఇంజిన్లు లేటవుతున్నాయని వార్త పడ్డప్పుడల్లా జనం అనే మాట ఒకటే, చంద్రుడి మీద దిగినోళ్లకి ఒక జెట్ ఇంజిన్ చేసుకోవడం రాదా, సిగ్గుచేటు అని. నేను బాలానగర్ లో ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ షాపులో, అంటే మైనం అచ్చుతో లోహం పోత పోసే చోట, పనిచేసి రిటైరైన మనిషిని, మేం పోసింది వాల్వులు, పంపు ఇంపెల్లర్లే గానీ విమానం సామాను కాదు, అయినా లోహం పోత పోసినోడికి ఈ మాట వింటే చిర్రెత్తుకొస్తుంది, అందుకే రాస్తున్నా.

శ్రీహరికోటలో లేచే రాకెట్లో వికాస్ ఇంజిన్ మండేది రెండు మూడు నిమిషాలు, పైన ఉండే క్రయో ఇంజిన్ (గడ్డకట్టే చలిలో ద్రవంగా మార్చిన ఇంధనం వాడేది) అయితే పది పదిహేను నిమిషాలు, ఆ తర్వాత దాని పని అయిపోయినట్టే, మళ్లీ వాడేది లేదు. వేడి చూస్తే రాకెట్ మంటదే ఎక్కువ, క్రయో ఇంజిన్లో మూడు వేల డిగ్రీలు ఉంటుంది, కానీ ఆ మంట మధ్యలో గిర్రున తిరిగే సామాను ఏమీ ఉండదు, పైగా గోడల లోపల గడ్డకట్టే చలి హైడ్రోజన్ పారుతూ ఉంటుంది. జెట్ ఇంజిన్ అలా కాదండి. ముందు కంప్రెసర్ గాలిని లాగి నొక్కుతుంది, మధ్యలో కిరోసిన్ లాంటి ఇంధనం మండుతుంది, ఆ మండిన గాలి బయటికి తన్నుకుపోతూ వెనకున్న టర్బైన్ని తిప్పుతుంది, ఆ టర్బైనే ఒక షాఫ్ట్ మీద ముందున్న కంప్రెసర్ని తిప్పుతుంది. చెప్పుకోడానికి ఇంతే. కానీ ఆ టర్బైన్ రేకు, అంటే బ్లేడు, మంటలోనే నిలబడి నిమిషానికి పది వేల చుట్లకి పైగా తిరగాలి, ఆ విసురుకి ఒక్కో రేకుని టన్నుల బరువు బయటికి లాగుతుంటుంది, ఇదంతా నిమిషాల లెక్క కాదు వేల గంటలు, ప్యాసింజర్ విమానాల్లో రెక్క మీద నుంచి దించకుండా ఇరవై వేల గంటలు దాటిన ఇంజిన్లు కూడా ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రేకు నికెల్ మిశ్రమం, అది 1300 డిగ్రీలు దాటి కాస్త ముందుకెళ్తే కరిగిపోతుంది, దాని మీదకి వచ్చే గాలేమో 1500 పైమాట. మరి ఎలా నిలబడుతుంది అంటే రేకు లోపల డొల్ల. కంప్రెసర్ దగ్గర కొంత గాలి మళ్లించి ఆ డొల్లలోకి పంపిస్తారు, చల్లగాలి అంటారు గానీ అది కూడా సుమారు 600 డిగ్రీలుంటుంది, రేకు ఒంటి మీద సన్నటి బెజ్జాల్లోంచి బయటికొచ్చి పైన పొరలా పరుచుకుంటుంది, దాని కింద వేడిని ఆపే జిర్కోనియా సిరామిక్ పూత. ఇలాంటి రేకు పోయడం మన పంచలోహ విగ్రహాల పద్ధతే, మైనం బొమ్మ చేసి, స్లర్రీ అనే బురదలాంటి చిక్కటి ద్రవంలో ముంచి పెంకులా షెల్ కట్టి, మైనం కరిగించి లోహం పోయడం. తేడా ఎక్కడంటే మైనం లోపల ముందే సిరామిక్ కోర్ పెట్టాలి, గాలి దారులన్నీ ఆ కోర్ ఆకారమే. పోసేటప్పుడు కోర్ వెంట్రుకవాసి జరిగిందంటే ఒకపక్క గోడ పల్చబడుతుంది, ఆ రేకు స్క్రాపే. తర్వాత కోర్ని కాస్టిక్ లో నానబెట్టి కరిగించాలి. ఇక్కడితో అయిపోలేదు, మామూలు పోతలో లోహం గింజలు గింజలుగా గడ్డకడుతుంది, ఆ గింజల మధ్య గీతల దగ్గరే వేడికి సాగి పగుళ్లొస్తాయి, అందుకని షెల్ ని ఫర్నేస్ లోంచి మెల్లగా కిందికి దించుతూ, అడుగున మెలి తిరిగిన సన్న దారిలోంచి ఒకే ఒక్క గింజని పైకి రానిచ్చి రేకంతా అదే గింజ అయ్యేలా పెంచుతారు. సింగిల్ క్రిస్టల్ అంటే అదే. మా షాపులో మామూలు ఇంపెల్లర్ కి కోర్ జరిగినా మేస్త్రీతో చీవాట్లు తప్పేవి కాదు, దీని సంగతి మీరే ఊహించుకోండి.

లోహం లేకపోతే ఏమవుతుందో జర్మనీని చూడండి. ఇంగ్లండ్ లో విటిల్ అనే ఆయన జెట్ ఇంజిన్ కి 1930 లోనే పేటెంట్ పెట్టాడు, ప్రభుత్వం పట్టించుకోలేదు, 1935 లో అయిదు పౌండ్ల ఫీజు కట్టలేక అది పోగొట్టుకున్నాడు. ఈలోపు జర్మనీలో ఓహైన్ అనే ఆయన చేసిన జెట్ ఇంజిన్ తో హైంకెల్ విమానం 1939 ఆగస్టు 27 న ఎగిరింది. జర్మనీవాళ్లు యుద్ధంలో మెస్సర్‌ష్మిట్ 262 జెట్ ఫైటర్ ని దింపారు గానీ నికెల్ దొరక్క మామూలు ఉక్కుకి అల్యూమినియం పూత పూసి నెట్టుకొచ్చారు, ఆ విమానంలోని యుమో ఇంజిన్లు పాతిక గంటలు నడిస్తే గొప్ప.

మన కథ కూడా విమానంతోనే మొదలైంది, ఇంజిన్ తో కాదు. హెచ్‌ఏఎల్ అనే మన ప్రభుత్వ విమాన కంపెనీలో జర్మన్ ఇంజినీర్ కుర్ట్ ట్యాంక్ డిజైన్ చేసిన మారుత్ యుద్ధ విమానం 1961 లో ఎగిరింది, విమానం బాగుంది, సరిపడా ఇంజిన్ దొరకలేదు. బ్రిటన్ లో అనుకున్న పెద్ద ఆర్ఫియస్ ఇంజిన్ రాలేదు, ఈజిప్టువాళ్లు చేస్తున్న ఇంజిన్ ని పెట్టి చూద్దామని ఒక మారుత్ ని అక్కడిదాకా పంపారు, అదీ తేలలేదు, చివరిదాకా చిన్న ఆర్ఫియస్ తోనే నడిపారు. తర్వాత కావేరి, తేజస్ కోసం మనవాళ్లు మొదలెట్టిన జెట్ ఇంజిన్. 1989 లో మంజూరైంది, 81 కిలోన్యూటన్ల తోపు (థ్రస్ట్) అనుకున్నారు, రాలేదు, బరువూ పెరిగింది, 2008 లో తేజస్ నుంచి విడదీశారు. నా దృష్టిలో అసలు తప్పు ఇక్కడే ఉంది, విమానం తేదీకి ఇంజిన్ని ముడేసి, ఆ తేదీ తప్పగానే ఇంజిన్ మీద ఆసక్తి పోగొట్టుకున్నాం. పైగా ఎత్తులో ఎలా నడుస్తుందో చూడాలంటే కావేరిని రష్యా మోసుకెళ్లి అక్కడి ఇల్యూషిన్ 76 రవాణా విమానం రెక్కకి తగిలించి 2010 లో ఎగరేయాల్సొచ్చింది. ఇంజిన్ చేసినోడికి దాన్ని రోజూ నడిపి, పాడుచేసి, విప్పి చూసే వీలుండాలి కదా, వంతు కోసం పరాయి దేశంలో క్యూలో నిలబడితే ఎప్పటికి నేర్చుకుంటాం?

అలాగని చేతులెత్తేసే పరిస్థితీ కాదు. మన కంచన్‌బాగ్ లోని డీఎంఆర్ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల) వాళ్లు సింగిల్ క్రిస్టల్ టర్బైన్ రేకులు పోసి హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 రేకులు హెచ్‌ఏఎల్ కి ఇచ్చారని 2021 లో ప్రకటించారు. ఆ పక్కనే మిధానీ అనే ప్రభుత్వ లోహాల కంపెనీ ఉంది, 1973 లో పెట్టింది, సూపర్ అల్లాయ్ లు, అంటే ఇలాంటి వేడి తట్టుకునే మిశ్రమాలు, వాళ్ల పనే. హైదరాబాద్ లో ఇంత పని జరుగుతుంటే మన తెలుగు పేపర్లలో నాలుగు లైన్లు కూడా పడవు, తేజస్ గాల్లో పల్టీ కొడితే మాత్రం ఫస్ట్ పేజీ ఫోటో.

ఫ్రాన్స్ ఇంజిన్ కంపెనీ సఫ్రాన్ తో కలిసి కొత్త ఫైటర్ కి ఇంజిన్ ఇక్కడే చేస్తామని 2025 లో రక్షణ మంత్రి చెప్పారు. టెక్నాలజీ వంద శాతం ఇస్తారా ఎనభై శాతం ఇస్తారా అన్న హెడ్డింగులు బోలెడు వస్తాయి, మీ విలేకరులు వాటితో ఆగకుండా ఇంకో మూడు అడగండి: రేకులు ఎవరు ఎక్కడ పోస్తారు, ఎత్తు పరీక్షకి మన సొంత టెస్ట్ సెల్ (పై ఎత్తులో ఉండే గాలిని నేల మీదే తెచ్చి ఇంజిన్ నడిపి చూసే గది) ఎప్పటికి సిద్ధమవుతుంది, ఇంజిన్ తగిలించి ఎగరేయడానికి ఒక పాత నాలుగింజిన్ల విమానాన్ని టెస్ట్ బెడ్ గా మార్చడానికి బడ్జెట్లో డబ్బు పెట్టారా లేదా.

ఇట్లు,
రిటైర్డ్ ఫౌండ్రీ సూపర్‌వైజర్,
బాలానగర్, హైదరాబాద్