పుత్తూరుకు మారే ముందు

తిరుపతి

చి. సౌ. సుధకు నాన్న ఆశీస్సులు.

చెన్నై వదిలి పుత్తూరుకు రావాలన్న మీ ఆలోచన మంచిదే. అయితే బాడుగ అగ్గవ అని మాత్రం రావద్దు. అక్కడ మిగిలేది రైలుకి, ఇన్వర్టరుకి, ఇంకోదానికి కరిగిపోతుంది.

అసలు చూడాల్సింది పాప చదువు. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ కన్వీనర్ సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ పిల్లలకే. లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదవాలి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి గనక, ఈ జూన్ దాటితే ఆ నాలుగేళ్లు కుదరవు. స్టడీ సర్టిఫికెట్లు ఏ ఏడుకాఏడు తీసి పెట్టుకోండి. ఇన్నాళ్లూ తమిళం చదివిన పిల్ల, ఇక్కడ తెలుగు తప్పదు. మాట్లాడటం వస్తే చాలదు, తమిళంలో లేని ఒత్తుల దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. ఇప్పటినుంచే రోజూ ఒక పేజీ రాయించు.

నీకు ఆఫీసు వారానికి రెండు రోజులే కాబట్టి సరేనంటున్నా. ఐదు రోజులైతే వద్దనేవాణ్ణి. ఒక్కవైపే సుమారు 110 కిలోమీటర్లు. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు గానీ, దాంతో రిజర్వేషన్ పెట్టె ఎక్కకూడదు, జనరల్లో తోసుకోవాల్సిందే. రెండు రోజులకైతే సెకండ్ సిట్టింగ్ ముందుగా బుక్ చేసుకోవడమే మేలు. సాయంత్రం ఎక్స్‌ప్రెస్ తప్పితే తిరుత్తణి దాకా లోకల్ రైలు, అక్కణ్ణుంచి నగరి మీదుగా బస్సు. పొద్దుపోయాక ఆ బస్సును నమ్ముకోవద్దు.

తిరుపతిలోనే ఉండొచ్చుగా అంటుంది మీ అమ్మ. రేణిగుంట చుట్టి రావడానికే ఇంకో 35 కిలోమీటర్లు కలుస్తాయి, దానికితోడు కొండకొచ్చే జనం.

ఇల్లు మే నెలలోనే చూడండి. మనకు గట్టివాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అప్పుడు ఏ బోరైనా నిండుగానే కనిపిస్తుంది. నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకివ్వండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, 1.5 దాటితే తాగకూడదు. ఓనరు టీడీఎస్ మీటరు పెట్టి చూపిస్తే తలూపి వచ్చేయొద్దు, అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది గానీ ఫ్లోరైడును విడిగా చెప్పదు. కుళాయి మూతికి తెల్లగా పెచ్చు కట్టిందంటే ఆ ఇంట్లో గీజరు కాయిల్ ఎక్కువకాలం నిలవదు.

అల్లుడుగారితో మాట్లాడు. చెన్నై ఇంటాయనకు ఖాళీ చేస్తామని చెప్పేముందు పాపకు బళ్లో సీటు ఖాయం చేసుకోండి.

ఇట్లు
నాన్న