సత్తిబాబుకి, జాకెట్టు గురించి

మల్కాపురం, విశాఖపట్నం
ఆదివారం రాత్రి

ఒరేయ్ సత్తిబాబూ,

నువ్వు పంపిన ఫొటోలు పదకొండూ చూశాను. "బావా, సముద్రపు దొంగలు రాకుండా ఓడ మీద కాపలా డ్యూటీ, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ పన్నెండు రోజులు వేసుకోవాలి, ఏది సుఖంగా ఉంటుంది?" అన్నావు. ఫోన్లో చెబితే సగం విని "సరే సరే" అంటావు. అందుకే కాగితం తీశాను.

నేను రాస్తుంటే నీ చెల్లెలు వచ్చి "ఏటి రాస్తున్నావు?" అంది. "సత్తిబాబుకి జాకెట్టు గురించి" అన్నాను. నన్ను అదోలా చూసి లోపలికెళ్ళిపోయింది. మనం మాత్రం ఏం చేస్తాం, తూటాల్ని ఆపే ప్లేట్లు పెట్టుకుని ఒంటికి తొడుక్కునే సంచిని ప్లేట్ క్యారియర్ అంటే ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ అంటే చివరి ముక్క ఒక్కటే మిగులుతుంది. నిజం చెప్పాలంటే ఆ పోలిక తప్పేం కాదు. ఆడవాళ్ళు జాకెట్టు వేసి చూసుకునేటప్పుడు అద్దంలో ముందు రంగు చూడరు. చెయ్యి పైకెత్తి చంక దగ్గర పట్టేస్తోందా లేదా చూస్తారు. నువ్వు పంపిన పదకొండులో తొమ్మిదింటికి జేబులెన్నో లెక్కపెట్టి రాశావు. చంక సంగతి ఒక్కదానికీ రాయలేదు.

నా మొదటి ట్రిప్పు సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అప్పటి కంపెనీ పేరెందుకులే, ఓడెక్కే ముందు అందరికీ ఒకే సైజు మూట ఇచ్చారు. ఉక్కు ప్లేట్లు, ముందొకటి వెనకొకటి, ఒక్కోటి నాలుగు కిలోలకి దగ్గర. వాటికి తోడు సంచి బరువు, రేడియో, తూటాల మేగజైన్లు, నీళ్ళ సీసా. పదకొండు కిలోలు దాటింది. వేసుకున్న మొదటి గంట హీరోలా ఉంటుంది, అది నమ్మకు. రెండో గంటకి భుజాల మీది పట్టీల కుట్టు చర్మంలోకి దిగుతుంది. నాలుగు గంటల వాచ్, అంటే కాపలా వంతు, అయ్యేసరికి మెడ కిందనుంచి వీపు దాకా కట్టెలా బిగిసిపోయింది. ఐదో రోజు తెల్లవారుజామున బ్రిడ్జి వింగ్ మీద, అదే ఓడ నడిపే గది పక్క బాల్కనీలో, నిలబడి టీ తాగుతుంటే గ్లాసు చేతిలోంచి జారిపోయింది. వేళ్ళు తిమ్మిరెక్కి, గ్లాసు పట్టుకున్నానో లేదో కూడా తెలియలేదు. ఇంటికొచ్చాక డాక్టరు చెప్పాడు: మెడ నుంచి చేతికి వెళ్ళే నరాలు భుజం ఎముక దగ్గర పట్టీ కింద నలిగిపోయాయట. బరువైన బ్యాగులు మోసే సైనికులకీ ఇదే వస్తుందట. మామూలు కావడానికి నెల పట్టింది.

కాబట్టి భుజం పట్టీ మెత్తగా ఉందా అని ఒక్కటే చూస్తే సరిపోదు. మెత్తన వల్ల రాసుకోవడం తగ్గుతుందేమో గాని బరువు తగ్గదు. బరువంతా భుజాల మీద వేలాడకుండా పక్కటెముకలూ నడుమూ కొంత పంచుకోవాలి. ఆ పని నడుం పట్టీది. పట్టీ వదులుగా ఉంటే నడిచినప్పుడల్లా ప్లేట్లు ఎగిరెగిరి భుజాల్నే కొడతాయి. మరీ బిగిస్తే నాలుగు మెట్లెక్కగానే ఊపిరాడదు. ఊపిరి నిండా పీల్చి, పొట్ట బయటికి పెట్టి అప్పుడు కట్టుకో. కొంచెం సాగే ఎలాస్టిక్ ఉన్న పట్టీ అయితే మేలు, ఊపిరితో పాటు అదీ కదులుతుంది.

ఇంకోటి, ప్లేటు ఎక్కడ కూర్చోవాలో చాలామందికి తెలీదు. గొంతు కింద రెండు ఎముకల మధ్య గుంట ఉంటుంది చూడు, ప్లేటు పై అంచు అక్కడికి రావాలి. అడుగు అంచు బొడ్డుకి రెండు మూడు వేళ్ళ పైన ఆగాలి. అది కాపాడేది గుండెనీ ఊపిరితిత్తుల్నీ, పొట్టని కాదు. పొట్ట కూడా కప్పుదామని పెద్ద సైజు తీసుకున్నావనుకో, కుర్చీలో కూర్చోగానే అడుగు అంచు తొడల మీద ఆని, పై అంచు గడ్డాన్ని గుద్దుతుంది. నీకు మీడియం చాలు, తొమ్మిదిన్నర అంగుళాల వెడల్పు, పన్నెండున్నర పొడవు. పై మూలలు ఏటవాలుగా కోసినది తీసుకో, రైఫిల్ భుజానికి ఆనించడానికి వీలుగా ఉంటుంది. అడ్డంగా మాత్రమే వంపున్న ప్లేటు కంటే అడ్డంగానూ నిలువుగానూ వంపున్నది ఒంటికి అతుక్కుంటుంది. డబ్బు కొంచెం ఎక్కువైనా ఇక్కడ పీనాసితనం చెయ్యకు.

ప్లేట్లలో ఏది అన్నదానికి నా జవాబు సముద్రం బట్టి ఉంటుంది. నేల మీద కాపలా అయితే సిరామిక్ అనేవాణ్ణి. గట్టిది, కవచం చీల్చే తూటాల్ని ఆపే నాలుగో లెవెల్ ప్లేట్లు చాలావరకు అవే. కాకపోతే ఒక్కోటి మూడు కిలోల దగ్గర తూగుతుంది. పైగా కుర్రాళ్ళు వాచ్ దిగగానే ఇనుప డెక్ మీద ధడేల్మని పడేస్తారు. లోపల సిరామిక్ పగిలినా బయట గుడ్డ చెక్కు చెదరదు, ఎక్స్‌రే తీస్తేగాని తెలీదు. అందుకే ఓడ మీదకి పాలిథిలీన్ అంటాను, ఆ ప్లేటు ఒకటిన్నర కిలో లోపే దొరుకుతుంది. దాని సాంద్రత నీళ్ళకంటే తక్కువ, నీళ్ళలో వేస్తే తేలుతుంది. అలాగని ఒంటి మీదున్న మిగతా సామానంతా తేలుతుందనుకోకు! దానికి శత్రువు వేడి. మధ్యాహ్నం మూసిన కారు డిక్కీలోనో, ఎండలో కాగే డెక్ మీదో ఒగ్గేయకు. అది ప్లాస్టిక్కే కదా.

లేబుల్ కూడా చదువు. "లెవెల్ 3" అని ఉంటే ఏ తూటాకైనా సరే అనుకోకు. అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థ ఎన్‌ఐజే ప్రమాణంలో ఆ మెట్టుకి పరీక్షించేది సీసం గుండె ఉన్న నాటో తూటాతో. దొంగల చేతుల్లో ఉండేది ఏకే, దాని తూటాల్లో ఎక్కువ వాటికి లోపల ఉక్కు ముక్క ఉంటుంది. ఆ తూటా పేరు లేబుల్ మీద విడిగా రాసి ఉందా చూడు. 2023 చివర్లో ఎన్‌ఐజే కొత్త ప్రమాణం తెచ్చి ఆ పేర్లే మార్చేసింది, రైఫిల్ ప్లేట్లకి ఇప్పుడు ఆర్ఎఫ్1, ఆర్ఎఫ్2, ఆర్ఎఫ్3. మన దగ్గర ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ళది 2018 నాటి ఐఎస్ 17051, అందులో ఏకే తూటాల లెక్క ఉంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహాల కంపెనీ మిధాని వాళ్ళ భాభా కవచ్ అనే బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ గురించి విన్నావుగా. మనవాళ్ళు చేశారంటే గర్వమే గాని, నీకూ నాకూ బజార్లో దొరికే సరుకు కాదది.

ఇప్పుడు అసలు సంగతి. సుఖం అంటే నా లెక్కలో అన్నిటికంటే ముందు తేలిగ్గా విప్పగలగడం. నువ్వు నీళ్ళలో పడితే ఏ జాకెట్టయినా నిన్ను కిందికే లాగుతుంది. అందుకే ఒక్క తాడు లాగితే ముందూ వెనకా విడిపోయే క్విక్ రిలీజ్ ఉన్నదే తీసుకో. లైఫ్ జాకెట్ ఎప్పుడూ దీని పైనే వేసుకో. గాలి నిండేది దీని కింద వేసుకున్నావా, అది ఉబ్బి ఛాతీని నొక్కేస్తుంది. లైఫ్ జాకెట్ కూడా నీళ్ళలో పైకి లేపే బలం మామూలు 150 న్యూటన్లు ఉన్నది కాదు, బరువు సామాను మోసేవాళ్ళకని 275ది వస్తుంది, అది అడుగు. కంపెనీ వాళ్ళు గొణిగితే గొణగనీ. 2024 మార్చిలో ఎంవీ రుయెన్ ఓడ మీద మన నేవీ కమాండోలు మార్కోస్ 35 మంది దొంగల్ని పట్టుకున్నప్పుడు మనమంతా టీవీ ముందు చప్పట్లు కొట్టాం. వాళ్ళంటే విమానం లోంచి సముద్రంలోకి దూకేవాళ్ళు, వాళ్ళ సామానూ శిక్షణా వేరు. మనం ఒకప్పుడు ఇంజిన్ రూంలో గ్రీజు పూసుకున్న బాపతు, మనకి తాడే దిక్కు.

ఉక్క గురించి వైజాగ్ వాడివి, నీకు చెప్పేదేముంది. వీపు వైపు లోపల జాలీ మెత్తలు ఉన్నది చూడు, గాలి ఆడటానికి సందు దొరుకుతుంది. నా దానికి లేకపోతే పూర్ణా మార్కెట్ దగ్గర స్కూలు బ్యాగులు కుట్టే షాపులో వెల్క్రోతో అంటించుకునేలా రెండు మెత్తలు కుట్టించాను. కుట్టు సంచికి వెయ్యమన్నానంతే, లోపల తూటాల్ని ఆపే గుడ్డ పొరల మెత్త కవచం ఉన్న ప్యానెల్ జోలికి సూది పోనివ్వలేదు. ఆ ప్యానెల్ తడవకూడదు, ఎండ తగలకూడదు. జైలాన్ అని ఒక దారంతో జాకెట్లు చేశారు. వేడికీ తేమకీ దాని బలం తగ్గిపోతోందని తేలి, 2005లో ఎన్‌ఐజే వాటిని పక్కన పెట్టింది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని ఎవడైనా అంటే తయారీ సంవత్సరం అడుగు. సంచిని మాత్రం ప్లేట్లూ ప్యానెళ్ళూ తీసేసి చేత్తో ఉతికి నీడలో ఆరెయ్యి. ఉతక్కపోతే మూడో రోజుకి చెమట ఉప్పు తెల్లటి గీతలు కట్టి, గరుకు కాగితంలా చంకలు ఒరుసుకుపోతాయి.

నా రెండో దాన్ని కొనేముందు ఇంట్లోనే ఒక సాయంత్రమంతా వేసుకుని తిరిగాను. సింహాచలం మెట్లెక్కుదామనుకున్నాను గాని నీ చెల్లెలు తిట్టింది, దేవుడి దగ్గరికి ఆ వేషమేటని. సరే అని బూట్ల లేసు కట్టుకున్నాను, నేల మీద కూర్చుని అన్నం తిన్నాను, డాబా మీద వాటర్ ట్యాంకు ఇనుప నిచ్చెన ఎక్కాను. నిచ్చెన దగ్గరే తెలిసింది, ముందున్న మేగజైన్ జేబులు మెట్టుకి తగులుకుంటున్నాయి. వాటిని పక్కకి జరిపాను. పై వాటా గుంటడు చూసి "అంకుల్, సినిమాలో వేషం వచ్చిందా?" అన్నాడు. చీకటి పడ్డాక దీపం తీసేసి క్విక్ రిలీజ్ లాగి చూశాను, మొదటిసారి తాడు దొరకడానికే అర నిమిషం పట్టింది. ఆ రాత్రి ఇరవైసార్లు లాగి మళ్ళీ కట్టాను. చివరికి నీ చెల్లెలు లైటేసి "పడుకుంటావా, పీఎస్‌కి ఫోన్ చెయ్యనా" అంది.

నువ్వు పంపిన వాటిలో నాలుగోది, తొమ్మిదోది తప్ప మిగతావి చెరిపెయ్యి. ఆ రెండింట్లో నాలుగోదానికి తాడు ఎడమవైపు ఉంది. నువ్వు ఎడమచేతి వాటం గాడివి, రైఫిల్ పట్టుకునేది ఆ చెయ్యే, కాబట్టి తాడు కుడివైపుకి మార్చుకునే వీలుందా అని అడుగు. లేకపోతే తొమ్మిదోదే.

వచ్చే ఆదివారం ఇటు రా. హార్బరు దగ్గర వంజరం తెస్తాను, చెల్లెమ్మనీ పిల్లల్నీ తీసుకురా. అన్నం తిన్నాక నాది వేసుకుని ట్యాంకు నిచ్చెన ఎక్కుదువుగాని. రేపే గొంతు గుంట నుంచి బొడ్డు దాకా టేపు పట్టి ఎన్ని అంగుళాలో మెసేజ్ పెట్టు. పొట్ట లోపలికి పీల్చి కొలవకు, నాకు తెలుసు నీ సంగతి.

నీ
రమణ